గగనంలో గట్టు తగాదా

(బెంగళూరులో తెలుగువారి ఆదివారం సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

2025 మార్చి 28న రక్షణ శాఖ మన ఊరి విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్‌తో 156 ప్రచండ్ దాడి హెలికాప్టర్ల కోసం ఒప్పందాలు కుదుర్చుకుంది. విలువ 62,700 కోట్ల రూపాయలు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి హెచ్‌ఏఎల్‌తో ఏదో ఒక చుట్టరికం ఉంది. నాన్నగారో, మామగారో, లేదంటే మీరే సైరన్ మోగేసరికి ఆ గేటులోకి పరుగెత్తినవాళ్లు. కాబట్టి ఆ రోజు చాలామంది కోట్ల లెక్క చూసి ఉంటారు, కొందరు షేరు ధర చూసి ఉంటారు. తప్పేం లేదు. నా చూపు మాత్రం ఇంకో లెక్క దగ్గర ఆగిపోయింది. ఆ 156లో 90 ఆర్మీకి, 66 వాయుసేనకి.

ఒకే హెలికాప్టర్, ఒకే ఇంజన్, ఒకే గన్. యజమానులు మాత్రం ఇద్దరు. ఎందుకు ఇద్దరు? ఇవాళ్టి నా ముచ్చటంతా ఈ ప్రశ్న మీదే.

నేను ఏరోడైనమిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. తుపాకీ పట్టలేదు. కాక్‌పిట్‌లో కూర్చున్నది యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగినప్పుడు, అదీ ఫొటో కోసం. అందుకని నాకు ఏ పక్షమూ లేదని చెప్పుకోవచ్చు. పూర్తిగా లేదంటే మీరు నమ్మరనుకోండి. వింటుంటే మీకే తెలుస్తుంది.

ముందు అసలు పని ఏమిటో చూద్దాం. నేల మీద మన సైనికులు శత్రువుతో తలపడుతున్నారు. ఇద్దరి మధ్య దూరం నాలుగు వందల మీటర్లు. అవతల రాళ్ల చాటున మెషీన్‌గన్ ఉంది, దాన్ని పైనుంచి కొట్టాలి. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, అంటే సెకనుకు 220 మీటర్లు. మనవాళ్లకూ శత్రువుకూ మధ్య ఉన్న ఆ జాగా పైలట్‌కి రెండు సెకన్లు కూడా కాదు. రెప్ప వేసి తీసేలోగా బాంబు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. దీన్నే క్లోజ్ ఎయిర్ సపోర్ట్ అంటారు. వంతెన మీదో, ఆయిల్ డిపో మీదో బాంబు వేయడం వేరు. అక్కడ పక్కన మనవాళ్లు ఉండరు.

అందుకే నేల మీద ఒక మనిషి కావాలి. ఫార్వర్డ్ ఎయిర్ కంట్రోలర్ అంటారు. ఆయన చేతిలో రేడియో, మ్యాపు, బైనాక్యులర్స్ ఉంటాయి, ఇప్పుడైతే లేజర్ కూడా. ఆయన మాట్లాడే తీరు వింటే మంత్రం చదువుతున్నట్టు ఉంటుంది. ఎక్కడినుంచి బయలుదేరాలి, ఏ దిక్కుకి, ఎంత దూరం, లక్ష్యం ఎంత ఎత్తున ఉంది, అది ఏమిటి, ఎక్కడుంది, దాన్ని దేనితో గుర్తు పెడుతున్నాం, మనవాళ్లు దానికి ఏ వైపు ఎంత దూరంలో ఉన్నారు, కొట్టాక ఎటు తిరిగి వెళ్లిపోవాలి. ఇవి తొమ్మిది అంశాలు. అమెరికన్లు నైన్ లైన్ అనే పేరే పెట్టుకున్నారు. వాటిలో ముఖ్యమైనవాటిని పైలట్ తిరిగి అప్పజెప్పాలి. ఎత్తు తప్పు చెప్పినా, దిక్కు తప్పు విన్నా పోయేది మనవాళ్లే. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో రెండు అమెరికన్ ఏ-10 విమానాలు బ్రిటిష్ వారియర్ కవచ వాహనాలను శత్రువువనుకుని కొట్టాయి. తొమ్మిది మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. వాళ్లదీ వీళ్లదీ ఒకే పక్షం.

ఇంత దగ్గరి పనికి విమానం ఎవరి చేతిలో ఉండాలి?

ఆర్మీ ఇలా అంటుంది: చచ్చేది మా కుర్రాళ్లు. ఫిరంగి నా చేతిలో ఉంది, అడిగిన రెండు నిమిషాల్లో గుండు పడుతుంది. విమానం కావాలంటే మాత్రం వేరే యూనిఫాం వాళ్లకి అర్జీ పెట్టుకోవాలి. వాళ్లు మీనమేషాలు లెక్కపెట్టేలోగా కొండ పోతుంది.

వాయుసేన ఇలా అంటుంది: విమానాలు ఉన్నవే తక్కువ. ఆర్మీలో ఒక్కో కోర్‌కి, అంటే ఒక్కో పెద్ద దళానికి, పప్పుబెల్లాల్లా పంచేస్తే, ఒకచోట అవి ఖాళీగా కూర్చుంటాయి, ఇంకోచోట చాలవు. ముందు ఆకాశం మనది కావాలి. అది లేనినాడు నీ కొండ మీదికి వచ్చేది నా విమానం కాదు, వాడి విమానం.

రెండూ నిజమే. అందుకే ఈ తగాదా తెగదు. ఊళ్లో పొలం గట్టు తగాదా చూసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. ఇద్దరి దగ్గరా కాగితాలుంటాయి, ఇద్దరి కాగితాలూ అసలువే.

ఈ కాగితాలు ఎక్కడ పుట్టాయో చూస్తే, 1943లో ఉత్తర ఆఫ్రికాలో. ట్యునీసియాలో అమెరికన్ ఆర్మీ దళాలు తమ విమానాలను ఎవరికి వారు దగ్గర పెట్టుకున్నాయి. ఫిబ్రవరిలో కాసెరీన్ దగ్గర జర్మన్లు వాళ్లను చితక్కొట్టారు. ఏప్రిల్ మొదట్లో జనరల్ పాటన్ తన దళానికి విమాన రక్షణ అందడం లేదని మొరపెట్టుకున్నాడు. బ్రిటిష్ వైమానిక కమాండర్ కనింగ్‌హామ్ ఊరుకోలేదు. మీ సైనికులకు యుద్ధం చేతకాక మా మీద నెపం వేస్తున్నారన్న అర్థం వచ్చేలా తంతి కొట్టాడు. అదీ ఒక్క పాటన్‌కి కాదు, పై అధికారులందరికీ కాపీలు పంపాడు. అందరి పైనున్న సేనాధిపతి ఐజెన్‌హోవర్ తల పట్టుకున్నాడు, కనింగ్‌హామ్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. రాజీ చేయడానికి వచ్చిన వైమానిక పెద్దలు పాటన్‌తో మాట్లాడుతుండగానే జర్మన్ విమానాలు వాళ్లున్న ఊరి మీదికి వచ్చి కాల్చి పోయాయి. పాటన్‌కి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అయినా గెలిచింది కనింగ్‌హామ్ వాదనే. అదే జులైలో అమెరికన్లు కొత్త నియమావళి అచ్చువేశారు. నేల బలం, గాలి బలం రెండూ సమానమని, విమానాల పెత్తనం వైమానిక కమాండర్ ఒక్కడి చేతిలోనే ఉండాలని అందులో రాసుకున్నారు. ఇవాళ ప్రపంచంలో ఏ వాయుసేన అధికారిని కదిపినా ఈ పాఠమే చెబుతాడు.

యుద్ధం అయ్యాక అమెరికాలో వాయుసేన వేరుపడింది. 1948 మార్చిలో కీ వెస్ట్ అనే చోట ఎవరి పని ఏదో పంచుకున్నారు. నేల మీద సైన్యానికి దగ్గరి సాయం చేసే బాధ్యత వాయుసేన మీద పడింది. బాధ్యత తీసుకున్నారు కానీ మనసు అణుబాంబర్ల మీదే. 1952లో ఆర్మీ విమానాలు ఖాళీ బరువులో 5,000 పౌన్లు, అంటే రమారమి 2,270 కిలోలు దాటకూడదని ఒక కట్టడి పెట్టారు. బరువు కొలిచి హద్దు గీశారన్నమాట! ఆర్మీ వాళ్లు తెలివైనవాళ్లు, హెలికాప్టర్ల వైపు తిరిగారు. 1966 ఏప్రిల్‌లో మళ్లీ బేరం కుదిరింది. ఆర్మీ తన కారిబూ రవాణా విమానాలను వాయుసేనకు ఇచ్చేసింది, బదులుగా వాయుసేన హెలికాప్టర్ల జోలికి రానంది. వియత్నాం యుద్ధం మధ్యలో, ఇద్దరు చీఫ్‌లు కూర్చుని చేసుకున్న ఒప్పందం అది.

ఇక్కడినుంచి కథ రసపట్టులో పడుతుంది. ఆర్మీ వాళ్లు షాయెన్ అనే దాడి హెలికాప్టర్ తయారు చేయించడం మొదలుపెట్టారు. లాక్‌హీడ్ వాళ్ల పని. తోకలో వెనక్కి తోసే ప్రొపెల్లర్ ఉండేది, వేగంలో అప్పటి హెలికాప్టర్లకు అందదు. దాన్ని చూసి వాయుసేనకు గుబులు పుట్టింది. ఈ పని మనం సరిగ్గా చేయకపోతే ఆర్మీ పట్టుకుపోతుంది, పనితో పాటు డబ్బూ పోతుంది. అప్పటిదాకా నెమ్మదిగా ఎగిరే విమానమంటే ముఖం తిప్పుకున్నవాళ్లు 1966లోనే ఒక కొత్త విమానం పని మొదలుపెట్టారు. అదే ఏ-10. షాయెన్‌లో సాంకేతిక చిక్కులు వచ్చాయి, 1969లో ఒక ప్రమాదంలో పైలట్ పోయాడు, 1972 ఆగస్టులో ప్రాజెక్టే రద్దయింది. ఏ-10 మాత్రం అదే ఏడాది మేలో ఎగిరింది, బతికి బట్టకట్టింది. పోటీ లేకపోతే ఈ విమానం పుట్టేదే కాదని నా నమ్మకం. తగాదాల వల్ల నష్టమే తప్ప లాభం లేదనేవాళ్లకు నేను ఈ ఉదాహరణే చెబుతుంటాను.

ఏ-10ని ఇంజనీరు కంటితో కాసేపు చూద్దాం, నాకు అది ఇష్టం. ముందు గన్ పెట్టుకున్నారు, తర్వాత దాని చుట్టూ విమానం కట్టారు. ఏడు గొట్టాల 30 మిల్లీమీటర్ల గన్, నిమిషానికి 3,900 గుళ్ల వేగం, మోసేది 1,174 గుళ్లు. అంటే గట్టిగా నొక్కిపట్టుకుంటే ఇరవై సెకన్లలో ఖాళీ. కాల్చే గొట్టం సరిగ్గా విమానం మధ్యగీత మీదికి రావాలి, లేకపోతే గన్ తన్నుకి ముక్కు పక్కకు తిరిగిపోతుంది. అందుకని ముందు చక్రాన్ని కుడివైపుకి జరిపేశారు. ఎదురుగా నిలబడి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పైలట్ కూర్చునేది టైటానియం తొట్టిలో. ఇంజన్లు రెండూ వీపు మీద, ఒకదానికొకటి దూరంగా. హైడ్రాలిక్స్ మొత్తం పోయినా తీగలతో లాగి నడపొచ్చు. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ మీద దెబ్బ తిన్న విమానాన్ని కిమ్ క్యాంప్‌బెల్ అనే మహిళా పైలట్ ఇలాగే చేతి బలంతో వెనక్కి తెచ్చి దించింది.

మరి ఇంత మంచి విమానాన్ని అమెరికన్ వాయుసేన దశాబ్దాలుగా ఎందుకు వదిలించుకోవాలని చూస్తోంది? వాళ్ల లెక్క వేరు. ఈ విమానం ఒక్క పనే చేస్తుంది. ఆకాశం ఖాళీగా ఉన్నప్పుడు సరే, గట్టి క్షిపణి రక్షణ ఉన్న శత్రువు దగ్గరికి వెళితే తిరిగిరాదు. పైగా జీపీఎస్ బాంబులు వచ్చాక ఎఫ్-16 అయినా, బాంబర్ అయినా పైనుంచే గురి చూసి వేయగలదు. అఫ్ఘానిస్థాన్‌లో ఈ పనిలో ఎక్కువ భాగం ఇతర విమానాలే చేశాయి, అదీ నిజం. కానీ 2014 జూన్‌లో అక్కడే బీ-1 బాంబర్ వేసిన బాంబులకు ఐదుగురు అమెరికన్ సైనికులు బలైపోయారు. చీకట్లో మనవాళ్లని గుర్తుపట్టడానికి వాళ్లు పెట్టుకున్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు ఆ బాంబర్ కెమెరాకు కనపడవు. ఆ సంగతి పైవాళ్లకూ తట్టలేదు, కిందివాళ్లకూ తట్టలేదు. అంత ఎత్తునుంచి ఎంత మంచి బాంబైనా చూపుకి ప్రత్యామ్నాయం కాదు. అదే సమయంలో ఏ-10లను మూలన పడేయాలన్న ప్రతిపాదనను అమెరికన్ కాంగ్రెస్ అడ్డుకుంది. 2015లో ఒక మేజర్ జనరల్, ఏ-10ని పొగుడుతూ కాంగ్రెస్‌కి సమాచారం ఇవ్వడం రాజద్రోహమేనని తన అధికారుల ముందు అని పదవి పోగొట్టుకున్నాడు. విమానం మీద ప్రేమ, ద్వేషం అంతదాకా వెళ్లాయి.

అమెరికా గొడవ చాలు. మన ఇంటికి వద్దాం.

1962లో యుద్ధ విమానాలను వాడనే లేదు. 1965 సెప్టెంబరు 1న జమ్మూ సరిహద్దులోని ఛంబ్‌లో ఆర్మీ సాయం అడిగింది, సాయంత్రం పొద్దు వాలుతుండగా పఠాన్‌కోట్ నుంచి పాతబడ్డ వాంపైర్ జెట్లు వెళ్లాయి, నాలుగు కూలిపోయాయి. రెండింటి గురించీ ఇంతకన్నా చెప్పను, ఎందుకంటే నాకు లొంగేవాలా దగ్గర ఎక్కువ సేపు ఉండాలని ఉంది.

1971 డిసెంబరు 4 రాత్రి. రాజస్థాన్ ఎడారిలో 23 పంజాబ్ దళానికి చెందిన ఒక్క కంపెనీ, సుమారు 120 మంది, మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వంలో. ఎదురుగా పాకిస్థాన్ ట్యాంకుల దండు. జైసల్మేర్‌లో వాయుసేనకు హంటర్ విమానాలున్నాయి, అవి రాత్రి పోరుకు పనికిరావు. తెల్లారేదాకా నిలబడాల్సిందే. తెల్లారింది, హంటర్లు జంటలు జంటలుగా వచ్చాయి, మరుగు లేని ఇసుకలో ట్యాంకులను వేటాడాయి. మన లెక్క ప్రకారం ముప్పైకి పైగా ట్యాంకులు పోయాయి. ఇదంతా మీకు తెలిసిన కథే.

తక్కువ మందికి తెలిసింది ఏమిటంటే, ఆ హంటర్లకు పైనుంచి దారి చూపించిన చిన్న విమానం సంగతి. దాని పేరు కృషక్. ఒక్క ప్రొపెల్లర్, రెక్క నెత్తి మీద, ఆయుధం ఏమీ లేదు. మన హెచ్‌ఏఎల్‌లో, ఈ ఊళ్లోనే కట్టిన విమానం. నడిపినవాడు మేజర్ ఆత్మా సింగ్. ఆయన వాయుసేన అధికారి కాదు, ఆర్మీ వాడు, ఫిరంగి దళం తరఫున ఎగిరే ఎయిర్ ఓపీ పైలట్. ట్యాంకులు కిందినుంచి కాలుస్తుండగా, ఆ తేలికపాటి బండిలో ఇసుక మీద నక్కి నక్కి తిరుగుతూ, ట్యాంకులు ఎక్కడున్నాయో రేడియోలో వాయుసేన కుర్రాళ్లకు చెబుతూ పోయాడు. ఒక యూనిఫాం కన్ను, ఇంకో యూనిఫాం గన్. ఆయనకు వీరచక్ర ఇచ్చారు. చిత్రమేమిటంటే లొంగేవాలా ఘనత ఆర్మీదా వాయుసేనదా అని రిటైరైన అధికారులు దశాబ్దాల తర్వాత కూడా వాదించుకున్నారు. కృషక్ ఊసు మాత్రం ఎక్కడో ఒక వాక్యంలో వస్తుంది.

ఎయిర్ ఓపీ విభాగం నుంచే 1986 నవంబరు 1న ఆర్మీ ఏవియేషన్ కోర్ పుట్టింది. చేతక్, చీతా హెలికాప్టర్లు దాని చేతికి వచ్చాయి. కానీ అసలు దాడి హెలికాప్టర్లు, రష్యన్ మి-25, మి-35లు, వాయుసేన దగ్గరే ఉండిపోయాయి. నడిపేది వాయుసేన, వాడుకునేది ఆర్మీ దండయాత్ర దళాలు. కాపురం ఒక ఇంట, ఖర్చు ఇంకో ఇంట అన్నట్టు.

కార్గిల్‌తో ఈ ఏర్పాటు పగిలింది. 1999 మేలో ఆర్మీ సాయుధ హెలికాప్టర్లు పంపమంది. ఆ ఎత్తులో మా దాడి హెలికాప్టర్లు పనిచేయవు, పైగా గగనదళం దిగితే యుద్ధం స్థాయి పెరుగుతుంది, ముందు ప్రభుత్వం ఒప్పుకోవాలి అంది వాయుసేన. ఇక్కడ నా పాఠం కాస్త అక్కరకొస్తుంది. 5,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే 60 శాతమే. రోటర్‌కి పట్టు దొరకదు, ఇంజన్‌కి ఊపిరి ఆడదు. రాకెట్, బాంబు దారులు కింది లెక్కల ప్రకారం రావు. వాయుసేన చెప్పింది సాకు కాదు, భౌతికశాస్త్రం. అయితే కొండ కింద నిలబడ్డ బెటాలియన్‌కి భౌతికశాస్త్రం ఏం చేసుకోను?

మే 25న ప్రభుత్వం సరేనంది, నియంత్రణ రేఖ దాటకూడదన్న షరతు పెట్టింది. 26న దాడులు మొదలయ్యాయి. 27న మిగ్-27 ఇంజన్ ఆగిపోయి పైలట్ నచికేత శత్రువు చేతికి చిక్కాడు, ఆయన కోసం వెతుకుతున్న అజయ్ ఆహూజా మిగ్-21 కూలింది, బయటికి దూకినా ఆహూజా ప్రాణం దక్కలేదు. 28న తోలోలింగ్ కొండ మీద రాకెట్లు కట్టుకుని వెళ్లిన మి-17 హెలికాప్టర్‌ని స్టింగర్ క్షిపణి కూల్చింది, నలుగురు పోయారు. మూడు రోజుల్లో మూడు. ఆ తర్వాత హెలికాప్టర్లను దాడికి పంపడం మానేశారు. క్షిపణులు అందని ఎత్తునుంచి మిరాజ్‌లు లేజర్ బాంబులు వేశాయి, జూన్ 24న టైగర్ హిల్ మీద వేసింది అలాంటిదే. చూస్తే గొప్ప పని. కానీ నన్నడిగితే, జవాన్లకు అసలైన దగ్గరి సాయం అందించింది బోఫోర్స్ ఫిరంగులు, విమానాలు కాదు. అప్పటి ఆర్మీ చీఫ్ మాలిక్, వాయుసేన చీఫ్ టిప్నిస్ పదవీ విరమణ తర్వాత ఎవరి వాదన వాళ్లు బహిరంగంగానే వినిపించారు. రెండూ చదివితే రెండు వేర్వేరు యుద్ధాలు జరిగాయేమో అనిపిస్తుంది.

ప్రచండ్ ఆ ఎత్తుల్లోనే కడుపున పడింది. 2010 మార్చి 29న ఈ ఊరి ఆకాశంలోనే తొలిసారి ఎగిరింది. సుమారు 5.8 టన్నులు, 20 మిల్లీమీటర్ల గన్, 70 మిల్లీమీటర్ల రాకెట్లు. 5,000 మీటర్ల ఎత్తున ఆయుధాలతో దిగి మళ్లీ లేవగలదు. ఆ పని మరే దాడి హెలికాప్టర్ చేయలేదని ప్రభుత్వమే చెప్పుకుంటుంది. డిజైన్ చేసినవాళ్లు ఈ హాల్లో ఉంటే, మీకు దణ్ణం.

ఈలోగా గట్టు మీద గొడవ ఆగలేదు. 22 అమెరికన్ అపాచీ దాడి హెలికాప్టర్లు వాయుసేనకు, ఇకముందు కొనేవి ఆర్మీకి అని 2012లో ప్రభుత్వం ఒక తీర్పు ఇచ్చింది. వాయుసేన అపాచీలు 2019 సెప్టెంబరులో పఠాన్‌కోట్‌లో చేరడం మొదలైంది. ఆర్మీకి ఆరంటే ఆరు ఆర్డరిచ్చారు. వాటికోసం 2024 మార్చిలో జోధ్‌పూర్‌లో స్క్వాడ్రన్ పెట్టారు, పైలట్లు వచ్చారు, మెకానిక్కులు వచ్చారు, హెలికాప్టర్లు రాలేదు. మొదటి మూడు వచ్చింది 2025 జులైలో. 2021లో జనరల్ రావత్ త్రివిధ దళాధిపతి హోదాలో, ఫిరంగి దళంలాగే వాయుసేన కూడా సాయపడే దళమేనన్నట్టు మాట్లాడారు. వాయుసేన చీఫ్ భదౌరియా మా పని అంతకు మించిందని బదులిచ్చారు. 1943 తంతి మళ్లీ చదివినట్టే ఉంది నాకు. మన హైదరాబాద్‌లో తయారైన ట్యాంకు విధ్వంసక క్షిపణికి కూడా ఆర్మీలో హెలీనా అని, వాయుసేనలో ధ్రువాస్త్ర అని రెండు పేర్లు. ఇంకేం చెప్పను!

ఇక నా అభిప్రాయం. యజమాని ఎవరన్నది గట్టిగా పనిచేసేది కొనేటప్పుడు. ఏ వాయుసేనకైనా డబ్బిస్తే ముందు ఫైటర్ కొంటుంది, అది దాని స్వభావం, తప్పు కూడా కాదు. ఏ-10 లాంటిది, రష్యన్ సుఖోయ్-25 లాంటిది మనం ఎన్నడూ కొనలేదు. దాదాపు ఆ పని చేసిన మిగ్-27లు 2019 డిసెంబరులో జోధ్‌పూర్‌లో రిటైరయ్యాయి. అందుకని 90 ప్రచండ్‌లు ఆర్మీకి రావడం సబబే. ఇక్కడ నా మొగ్గు తెలిసిపోయింది కదా. కానీ పొద్దున్నే కొండ కింద ఇరుక్కున్న కెప్టెన్‌కి, వచ్చే హెలికాప్టర్ తోక మీద ఏ దళం పేరు రాసుందో అనవసరం. రేడియోలో అటువైపు మనిషి తన గొంతు గుర్తుపడతాడా, ఒకే మ్యాపు చూస్తున్నాడా అన్నదే కావాలి. రష్యా 2003లో ఆర్మీ హెలికాప్టర్లన్నీ వాయుసేనకు మార్చేసింది. దానితో ఈ సమస్య తీరిందా? ఉక్రెయిన్‌లో రెండు పక్షాల సుఖోయ్-25లూ భుజం మీది క్షిపణులకు జడిసి, ముక్కు పైకెత్తి రాకెట్లను దూరం నుంచే విసిరి వెనక్కి తిరిగిపోయాయి. గురి కన్నా ప్రాణం ముఖ్యమైంది, ఎవరిని తప్పుపడతాం?

ఇప్పుడు కొత్త గట్టు ఒకటి లేచింది. నాగాస్త్ర లాంటి ఆత్మాహుతి డ్రోన్లు వచ్చాయి, తొమ్మిది కిలోలు, జవాన్ వీపున మోసుకెళ్లి ఎగరేస్తాడు. స్కైస్ట్రైకర్ డ్రోన్లను ఇక్కడే, బెంగళూరులో కడుతున్నారు. అవి వాయుసేనను అడగకుండానే ఆర్మీ చేతికి వచ్చిన విమానాలు. అయితే ఆకాశం ఒక్కటే. అదే కొండ మీద ఆర్మీ ప్రచండ్, వాయుసేన ప్రచండ్, ఆర్మీ డ్రోన్, పైనుంచి ఫిరంగి గుండు, అన్నీ ఒకేసారి ఉంటే, ఎవరు పక్కకు తప్పుకోవాలో చెప్పేది ఎవరు? గగనతల నియంత్రణ ఇప్పటికైతే వాయుసేన బాధ్యతే. మూడు వందల మీటర్ల ఎత్తు కింద ఎగిరే డ్రోన్‌కి కూడా అక్కడినుంచే అనుమతి తెచ్చుకోవాలా, లేక ఆ పొరను బ్రిగేడ్‌కి వదిలేయాలా? సమాధానం నాకన్నా ముందు వరుసలో ఉన్న రిటైర్డ్ గ్రూప్ కెప్టెన్ గారికీ, మూడో వరుసలో ఆయనవైపే చూస్తున్న కల్నల్ గారికీ బాగా తెలుసు. కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. మైకు వాళ్లిద్దరి దగ్గరికి పంపండి, ముందు ఎవరికివ్వాలో మాత్రం నన్నడక్కండి.